వెండితెరపై వేతాళుడు: సూరత్ రేవు నుంచి ఒక పరిశీలన

సూరత్ పాత నగరంలో మొఘల్ సరాయి అనే కట్టడం ఉంది. మక్కా యాత్రకు బయలుదేరినవారు ఓడ ఎక్కే ముందు బస చేయడానికి షాజహాన్ కాలంలో, 1644లో దీనిని నిర్మించారు. 1867 నుంచి నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం అందులోనే నడుస్తోంది. ఒకప్పుడు యాత్రికులు ఓడ కోసం నిరీక్షించిన చోట నేడు పౌరులు సంతకాల కోసం నిరీక్షిస్తున్నారు. సూరత్‌ను ఆ రోజులలో మక్కా ద్వారమని పిలిచేవారు. ఆ ద్వారం దాటిన ఓడలకు సముద్రం మీద ఎదురయ్యే ప్రమాదాలలో తుపాను ఒకటి, ఓడదొంగలు రెండవది. ఆ రెండవ ప్రమాదం నుంచి పుట్టిన ఒక కల్పిత వీరుడు ఇరవయ్యో శతాబ్దంలో వార్తాపత్రికల బొమ్మల ద్వారా లోకమంతా తిరిగి, చౌక పుస్తకాల రూపంలో భారతదేశానికీ వచ్చాడు. అతడే ఫాంటమ్. హిందీ పాఠకులకు వేతాళ్, వంగ పాఠకులకు అరణ్యదేవ్. ఈ వీరుని కథను హాలీవుడ్ 1996లో భారీ చలనచిత్రంగా నిర్మించింది. ఆ చిత్రం తన మూలమైన బొమ్మల కథకు న్యాయం చేసిందా లేదా అన్నది అభిమానులు చర్చించుకోదగిన సాధారణ ప్రశ్నగానే కనిపిస్తుంది. సూరత్ రేవు చరిత్రను పక్కన పెట్టుకుని చూస్తే మాత్రం ఆ ప్రశ్న స్వరూపమే మారుతుంది.

అమెరికా రచయిత లీ ఫాక్ 1936 ఫిబ్రవరి 17న ఈ దినసరి చిత్రకథను ప్రారంభించాడు. అప్పటికి అతనికి ఇరవై అయిదేళ్ళు నిండలేదు. తొలి బొమ్మలు రే మూర్ వేశాడు. తరువాత విల్సన్ మెకాయ్, 1960ల నుంచి మూడు దశాబ్దాలకు పైగా సై బ్యారీ ఆ పని చేశారు. ఫాక్ 1999లో మరణించేవరకు రచన మానలేదు. సూపర్‌మన్ 1938లో, బ్యాట్‌మన్ 1939లో వచ్చారు. ఒంటికి అంటుకున్న దుస్తులు, కనుపాప కనిపించని ముసుగు అనే వేషం వారికన్నా ముందే ఫాంటమ్‌కు ఉంది. అయితే ఆ తరువాతి వీరులకు ఉన్న అతీత శక్తి ఏదీ ఇతనికి లేదు. ఇతడు ఎగరలేడు, గుండు తగిలితే గాయపడతాడు, చివరికి మరణిస్తాడు కూడా. 1536లో ఓడదొంగలు తండ్రిని చంపగా, ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఒక యువకుడు ఆ హంతకుని కపాలం మీద చేయి పెట్టి ఓడదొంగతనం, దురాశ, క్రౌర్యం, అన్యాయాల మీద జీవితాంతం పోరాడతానని, తన సంతతి కూడా ఆ బాటే పడుతుందని ప్రతిజ్ఞ చేస్తాడు. తండ్రి పోగానే కొడుకు అదే ముసుగు ధరిస్తాడు. మనిషి మారిన సంగతి అడవికి తెలియదు గనుక అతడు చావులేనివాడన్న ప్రతీతి పుడుతుంది. మనకు పరిచయమయ్యేవాడు ఇరవై ఒకటో ఫాంటమ్.

ప్రభుత్వ కార్యాలయాలతో పరిచయం ఉన్నవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. అధికారి బదిలీ అవుతాడు, పదవీ విరమణ చేస్తాడు. కుర్చీ, ముద్ర, దస్త్రం అలాగే ఉంటాయి. ఫాంటమ్ కపాల గుహలో ఒక గ్రంథాలయం ఉంది. ప్రతి తరంవాడూ తన కాలపు సంఘటనలను స్వహస్తంతో పుస్తకాలలో రాసి భద్రపరుస్తాడు. కొత్తవాడు పాత పుస్తకాలు చదివి, తాతముత్తాతలు ముగించక వదిలిన వ్యవహారాలను అందుకుంటాడు. లోకంలో ఇంతమంది ముసుగు వీరులుండగా క్రమంగా దస్త్రాలు నిర్వహించినవాడు ఇతనొక్కడే అనిపిస్తుంది. హాస్యానికి అన్నా ఇందులో నిజముంది. ఈ కథకు మూలస్తంభం బలం కాదు. మాట ఇచ్చి, దానిని తరువాతి చేతికి అప్పగించడమే దాని ఆధారం.

భారతదేశంలో ఫాంటమ్‌ను విస్తృతంగా ప్రచారం చేసింది ఇంద్రజాల్ కామిక్స్. బొంబాయి నుంచి బెన్నెట్ కోల్‌మన్ సంస్థ 1964 మార్చిలో ఈ మాలను ప్రారంభించి 1990 వరకు, ఎనిమిది వందలకు పైగా సంచికలు వెలువరించింది. ఇంగ్లీషు, హిందీలతో పాటు గుజరాతీ మొదలైన పలు భారతీయ భాషలలో అవి వచ్చాయి. చందమామ చదివి పెరిగిన తెలుగు పాఠకునికి హిందీ సంచికలోని వేతాళ్ అన్న పేరు చిత్రంగా తోచక మానదు. అతనికి తెలిసిన బేతాళుడు చెట్టుకు వేలాడే శవంలో ఉంటూ, విక్రమార్కుని భుజమెక్కి, చిక్కు ప్రశ్న వేసి, జవాబు రాగానే తిరిగి చెట్టెక్కేవాడు. ఈ కొత్త వేతాళుడు ప్రశ్నలు వేయడు, పిడికిలితో గుద్దుతాడు. ఆ దెబ్బ తిన్నవాడి దవడ మీద కపాలపు గుర్తు శాశ్వతంగా నిలిచిపోతుంది.

ఇంద్రజాల్ సంపాదకులు చేసిన మార్పులు అనువాద చరిత్రలో ప్రత్యేక అధ్యయనానికి అర్హమైనవి. ఫాక్ మొదట్లో ఫాంటమ్ నివసించే దేశానికి పెట్టిన పేరు బెంగాలీ. ఓడదొంగల ముఠా పేరు సింగ్ సోదర సంఘం. ఇరవయ్యో ఫాంటమ్‌ను వెన్నుపోటు పొడిచి, నడుము పట్టీ తీసుకుపోయిన హంతకుని పేరు రామ. ఈ పేర్లు భారతీయ పాఠకుల ముందు యథాతథంగా పెట్టదగినవి కావు. బొంబాయిలో బెంగాలీ డెంకాలీ అయింది. సింగ్ సింగా అయింది. రామ కాస్తా రామాలు అయ్యాడు. దైవనామాన్ని హంతకునికి తగిలించడం ఇష్టంలేకనే అలా చేశారని ఊహించడం కష్టం కాదు. కానీ ఆ మార్పు ఎటుపోయి ఎటు వచ్చిందో చూడండి. తెలుగు చెవికి రామాలు అంటే రాములే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలలో ఆ పేరు లేని వాడ ఉండదు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలల హాజరుపట్టీలోనూ అది సహజంగా ఇమిడే పేరే. అయినా హంతకునికి మన ఊరి పేరేమిటని ఎవరూ నొచ్చుకున్నట్లు కనబడదు. పాఠకులు పెద్ద మనసు గలవారు కాబోలు. ఫాంటమ్‌కు అండగా నిలిచే విషబాణాల పొట్టి జనుల పేరు బాందర్. హిందీలో ఆ మాట కోతిని స్ఫురింపజేస్తుంది. సూరత్‌లో బందర్ అంటే రేవు. కృష్ణా జిల్లావాసికి బందరు అంటే మచిలీపట్నం తప్ప మరొకటి కాదు. ప్రాచ్య భాషల శబ్దాలను ఫాక్ అర్థంతో నిమిత్తం లేకుండా వినసొంపు కోసమే ఏరుకున్నాడన్నది దీనివల్ల స్పష్టమవుతుంది.

ఇదంతా అమాయకమైన వినోదమే కదా, శబ్దాల సంగతి పట్టించుకోవడం ఎందుకన్న ప్రశ్న రావచ్చు. ఇక్కడే సూరత్ చరిత్ర జోక్యం చేసుకుంటుంది. ఫాంటమ్ ప్రతిజ్ఞకు ఆరేళ్ళ ముందు, 1530లో, ఆంటోనియో ద సిల్వేరా నాయకత్వంలో పోర్చుగీసులు సూరత్‌ను దోచి తగలబెట్టారు. ఆ దాడుల అనుభవంతోనే 1540లలో ఖుదావంద్ ఖాన్ తాపీ ఒడ్డున కోట కట్టించాడు. నగరపాలక సంస్థ పునరుద్ధరించిన తరువాత నేడు సందర్శకులు చూస్తున్న కోట అదే. పోర్చుగీసు అనుమతిపత్రం లేకుండా సముద్రం మీదకు వెళ్ళిన ఓడను పట్టుకోవడం, సరుకు స్వాధీనం చేసుకోవడం ఆ రోజులలో వారికి హక్కుగా చెలామణి అయింది. ఫాంటమ్ కథ మొదలైన మరుసటి ఏడాది, 1537 ఫిబ్రవరిలో, గుజరాత్ సుల్తాను బహదూర్ షా దీవు వద్ద పోర్చుగీసు గవర్నరు నూనో ద కున్హాను కలిసేందుకు అతని ఓడ మీదకు వెళ్ళి, తిరిగివస్తుండగా జరిగిన పెనుగులాటలో నీటిలోనే ప్రాణాలు కోల్పోయాడు. ఈ తీరంలో ఆ సంవత్సరాలలో తండ్రిని పోగొట్టుకుని ఒడ్డున నిలబడిన యువకుడు ఎవడైనా ఉంటే, అతడు ఏ కపాలం మీద ప్రమాణం చేసి ఉండేవాడో ఆలోచించవలసిందే.

అన్నిటికన్నా ఘోరమైన ఉదంతం 1695 సెప్టెంబరులో జరిగింది. మక్కా యాత్రికులతో, మోఖా వర్తకం సొమ్ముతో సూరత్‌కు తిరిగివస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు ఓడదొంగ పట్టుకున్నాడు. అంతకు కొంచెం ముందే సూరత్ మహావర్తకుడు అబ్దుల్ గఫూర్‌కు చెందిన ఫతే మహమ్మదీ ఓడను దోచుకున్నాడు. గంజ్-ఇ-సవాయిలో ఎనభై ఫిరంగులు, నాలుగు వందల తుపాకులు ఉన్నాయని, యాభై రెండు లక్షల రూపాయల వెండి బంగారాలు పోయాయని సమకాలిక చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. అంత ఆయుధబలం ఉన్న ఓడ లొంగిపోవడానికి నాయకుని పిరికితనమే కారణమని కూడా అతడే రాశాడు. తరువాత కొన్ని దినాలపాటు యాత్రికుల మీద, ముఖ్యంగా స్త్రీల మీద, సాగిన అత్యాచారాలు సూరత్‌ను కుదిపివేశాయి. కొందరు స్త్రీలు సముద్రంలో దూకారు. జనాగ్రహం పెల్లుబకగా సూరత్ పాలకుడు ఇతిమాద్ ఖాన్ ఇంగ్లీషు కోఠీ ఉద్యోగులను సంకెళ్ళతో నిర్బంధించాడు. చివరికి యాత్రికుల ఓడలకు కాపలా ఓడలు పంపేందుకు ఐరోపా కంపెనీలు ఒప్పుకోక తప్పలేదు. ఎవరీ మాత్రం దొరకలేదు. అతని అనుచరులు కొందరిని 1696లో లండన్‌లో ఉరితీశారు. 1712లో అదే లండన్‌లో, డ్రూరీ లేన్ రంగస్థలం మీద, ఎవరీ జీవితమే వస్తువుగా ఒక నాటకం ప్రదర్శితమైంది. అందులో అతడు నాయకుడు. దోపిడీకి గురైనవారి నగరంలో అటువంటి నాటకం పుట్టే అవకాశమే లేదు.

సూరత్ సముద్రంలో దేశీయ ఓడదొంగలు లేరని దీని అర్థం కాదు. ఓఖా, కచ్ తీరాల సంగానియనులు, మలబారు వారు వర్తకులకు నిత్య భయమే. అయినా మహానౌకలను పట్టి మహానగరాన్ని వణికించిన పేర్లు ఎవరీ, కిడ్‌లవి. కిడ్ 1698లో పట్టుకున్న కేదా మర్చంట్ కూడా వంగదేశపు సరుకుతో సూరత్ వైపు వస్తున్న ఓడే. ఫాక్ కథలో ఈ వరుస పూర్తిగా తలకిందులైంది. దోచేవాడు సింగ్, కాపాడేవాడు ఇంగ్లీషు వంశజుడు. 1936 నాటి అమెరికా యువకుడు దురుద్దేశంతో అలా రాశాడని అనడానికి ఆధారం లేదు. అతని కాలపు సాహస కథలు అతనికి అందించిన సామగ్రి అదే. తరువాత అతడే తన దేశాన్ని ఆఫ్రికాకు తరలించి, లువాగా అనే నల్లజాతి వైద్యుణ్ణి ఆ దేశాధ్యక్షుణ్ణి చేశాడు. వయసుతో పాటు రచయిత తన తొలి ఊహలను సవరించుకోవడం అన్నివేళలా జరిగేది కాదు.

ఇక చలనచిత్రం సంగతి. వెండితెరకు ఫాంటమ్ కొత్తవాడు కాడు. 1943లో కొలంబియా సంస్థ టామ్ టైలర్ నాయకుడుగా పదిహేను భాగాల సీరియల్ తీసింది. 1996 చిత్రం పారమౌంట్ వారిది. రచన జెఫ్రీ బోమ్, దర్శకత్వం ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ విన్సర్, ఫాంటమ్‌గా బిల్లీ జేన్. కథాకాలం 1938. తూగాండా కపాలాలు మూడిటిని ఒకచోట చేర్చినవానికి అపార శక్తి లభిస్తుంది. వాటిలో ఒకటి అడవిలో, ఒకటి న్యూయార్క్ మ్యూజియంలో, మూడవది ఓడదొంగల గుహలో ఉన్నాయి. న్యూయార్క్ ధనవంతుడు జాండర్ డ్రాక్స్ వాటి కోసం మనుషులను పంపుతాడు. ఫాంటమ్ అడ్డుపడతాడు.

బాహ్యరూపంలో ఈ చిత్రం మూలాన్ని భక్తితో అనుసరించింది. ఊదారంగు దుస్తులు, తెల్ల గుర్రం, తోడేలు, కపాల గుహ అన్నీ యథాస్థానంలో ఉన్నాయి. స్వీడన్‌లో నీలం, ఇటలీలో ఎరుపు దుస్తులతో అచ్చయిన వీరుడు ఇక్కడ తన అసలు రంగులో కనిపించడం అభిమానికి తృప్తి కలిగించే విషయమే. ఆ దుస్తులు అడవిలో హాస్యాస్పదంగా ఉంటాయని భయపడి నల్లగా మార్చే అవకాశం దర్శకునికి ఉంది. 1989 నాటి బ్యాట్‌మన్ తరువాత చీకటి, విషాదం ముసుగు వీరులకు ఫ్యాషన్ అయ్యాయి. విన్సర్ ఆ దారి పట్టలేదు. తెగిపోతున్న తాళ్ళ వంతెన మీద లారీలో చిక్కుకున్న బాలుణ్ణి రక్షించే ఘట్టం, కూలిపోతున్న విమానం నుంచి ఫాంటమ్, డయానా గుర్రం మీదకు దిగే ఘట్టం పాత దినపత్రికలోని మూడు గళ్ళ బొమ్మల వేగాన్ని గుర్తుకు తెస్తాయి. జేన్ నటనలో అతిశయం లేదు. మర్యాద ఉంది, పెదవి అంచున చిన్న నవ్వు ఉంది. డయానా పామర్ మూలంలో 1936లోనే బాక్సింగ్ తెలిసిన యువతి. క్రిస్టీ స్వాన్సన్ ఆ స్వభావాన్ని నిలబెట్టింది. ఆడ విమాన దొంగల నాయకి సాలాను కూడా ఫాక్ తొలినాటి కథ నుంచే తెచ్చారు. కాథరిన్ జీటా-జోన్స్ ఆ పాత్రకు ఇచ్చిన ఉల్లాసం చిత్రానికి అందిన అదనపు లాభం.

లోపం లోపలి భాగంలో ఉంది. చిత్రాంతంలో మూడు కపాలాలను ఎదిరించగల నాలుగవ కపాలం ఏదన్న ప్రశ్నకు సమాధానంగా ఫాంటమ్ వేలి ఉంగరం నిలుస్తుంది. ఆ ఉంగరం నుంచి వెలువడే శక్తే డ్రాక్స్‌ను అంతం చేస్తుంది. ఈ ఒక్క మలుపుతో చిత్రం తన మూలాన్ని చేజార్చుకుంది. చిత్రకథలో ఉంగరం ఒక ముద్ర. అది దవడ మీద పడితే, ఆ మనిషి ఎవరి చేతిలో ఓడిపోయాడో లోకానికి తెలుస్తుంది. అందులో మహిమ లేదు. దానిని ధరించినవాడు ఇచ్చిన మాటకే మహిమ. తహసీల్దారు ముద్రకు విలువ వచ్చేది దాని వెనుక ఉన్న చట్టం వల్ల. రబ్బరుకు సొంత విలువ లేదు. ఉంగరమే శక్తిమంతమైతే నాలుగు వందల ఏళ్ళ ప్రతిజ్ఞ ఎందుకు, ఇరవై మంది మరణాలు ఎందుకు? ఆ ఉంగరం ఎవరి వేలికున్నా సరిపోతుంది.

మరణించిన తండ్రి పదేపదే ప్రత్యక్షమై కొడుకుతో ముచ్చటించడం కూడా ఇటువంటిదే. పాట్రిక్ మెక్‌గూహన్ అనుభవజ్ఞుడైన నటుడు. ఆయన ఉన్న సన్నివేశాలు చూడముచ్చటగానే ఉన్నాయి. కానీ బొమ్మల కథలో పూర్వుల సమాధుల మధ్య కూర్చుని వారి దస్త్రాలు చదువుకునే ఒంటరివాని నిశ్శబ్దం ఆ మాటలలో కరిగిపోయింది. చనిపోయినవారితో సంభాషించడానికి రాత తప్ప మార్గం లేని స్థితిలోనే చరిత్ర పుడుతుంది. తండ్రి నేరుగా వచ్చి సలహా చెప్పగలిగినప్పుడు పుస్తకాల గది అలంకారంగా మిగిలిపోతుంది. చిత్ర కథనంలో ఆ గ్రంథాలయానికి దక్కిన పాత్ర స్వల్పం. కపాలాలలో ఒకటి న్యూయార్క్ మ్యూజియంలోకి ఎలా చేరింది అన్న ప్రశ్న కూడా ఎవరికీ తోచలేదు. అద్దం పగలగొట్టి దానిని ఎత్తుకుపోయిన డ్రాక్స్ దొంగ, నిజమే. అద్దంలో పెట్టినవారి సంగతి ఫాంటమ్ సైతం విచారించలేదు.

అయితే ఒక విషయంలో ఈ చిత్రం మూలం కన్నా ముందుకు వెళ్ళింది. తెలిసి వెళ్ళిందని చెప్పలేము. సింగ్ సోదర సంఘం పేరు చిత్రంలో సెంగ్ అయింది. సిక్కు సమాజానికి నొప్పి కలగకుండా వేసిన ఈ అడుగు ఇంద్రజాల్ వారి సింగాకు ఆలస్యంగా వచ్చిన తోబుట్టువు. అంతకన్నా ముఖ్యమైనది తండ్రిని చంపినవాని మార్పు. ఫాక్ కథలో అతడు రామ, బొంబాయిలో రామాలు, చిత్రంలో క్విల్. జేమ్స్ రెమార్ ధరించిన ఈ క్విల్ తెల్లజాతి కిరాయి మనిషి. ఇరవయ్యో ఫాంటమ్ నడుము పట్టీని విజయచిహ్నంగా కట్టుకుని తిరుగుతాడు, ఓడదొంగల సంఘంలో సభ్యుడు, న్యూయార్క్ ధనవంతుని జీతగాడు. ప్రాచ్య సముద్రంలో దోపిడీ, దాని వెనుక పడమటి పెట్టుబడి, రెండిటికీ నడుమ క్విల్ వంటి దళారి. 1695 నాటి సూరత్ వర్తకుడు ఈ చిత్రం చూడగలిగితే మిగతా అంతా మాయాజాలమని కొట్టివేసినా, క్విల్‌ను మాత్రం వెంటనే గుర్తుపట్టి ఉండేవాడు. సూరత్ వర్తకుల ఉత్థాన పతనాలను 1979లో గ్రంథస్థం చేసిన అషిన్ దాస్ గుప్తా పుస్తకం చదివినవారికి ఈ పోలిక అతిశయోక్తిగా తోచదు.

ఈ సూచనను చిత్రం పెంచి పోషించి ఉంటే మాట వేరుగా ఉండేది. క్విల్ తుదివరకు సాధారణ దుర్మార్గుడుగానే మిగిలిపోయాడు. తండ్రి హంతకుణ్ణి కొడుకు గుర్తించే ఘట్టానికి దక్కవలసిన బరువు దక్కలేదు. బెంగల్లా దేశం ఊరు పేరు లేని దీవిగా మిగిలింది. థాయిలాండ్, ఆస్ట్రేలియాలలో చిత్రీకరించిన ఆ అడవి పచ్చగా, నిర్మలంగా ఉంది. అక్కడి జనానికి భాష గాని బజారు గాని రేవు గాని ఉన్నట్లు కనిపించదు. రేవు లేని చోట ఓడదొంగలు ఎవరిని దోచుకుని బతుకుతారన్నది సామాన్య ప్రేక్షకునికి కూడా కలిగే సందేహమే.

1996 జూన్ 7న అమెరికాలో విడుదలైన ఈ చిత్రం ఆర్థికంగా విఫలమైంది. సుమారు నాలుగున్నర కోట్ల డాలర్ల వ్యయానికి అక్కడ వచ్చిన రాబడి సుమారు కోటీ డెబ్భై లక్షల డాలర్లు మాత్రమే. తరువాతి భాగాలు రాలేదు. 2009లో ఒక టెలివిజన్ రూపం ఆధునిక వేషంతో వచ్చి పోయింది. దానితో పోల్చినప్పుడు విన్సర్ చిత్రంలోని భక్తి విలువ మరింత తెలుస్తుంది. ఎవరీ కీర్తి మాత్రం తగ్గలేదు. 2016లో వెలువడి ప్రపంచమంతటా అమ్ముడుపోయిన ఒక వీడియో క్రీడకు అతని నిధి అన్వేషణే ఇతివృత్తం. ఆ నిధి గంజ్-ఇ-సవాయిలో సూరత్‌కు తిరిగివస్తున్నవారి సొమ్ము. ఆ ఓడ కోసం ఎదురుచూసినవారి కథను బొమ్మలలో చెప్పడానికి కావలసిన కోట, సరాయి, తాపీ రేవు మాత్రం సూరత్‌లో ఉన్నచోటనే ఉన్నాయి.